రానడే గారి ధూలే బదిలీ

భివండీ: సాంచెల షెడ్డు కిరాయి తగాదా అయినా, చెక్కు బౌన్సు అయినా, కోర్టు మెట్లెక్కినవాళ్ళు మన పద్మనగర్‌లో తక్కువేం కాదు. అక్కడ కూర్చునే జడ్జికి జీతమిచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. ఆ ప్రభుత్వం చేతికే బదిలీ కలం కూడా ఇస్తే ఏమవుతుంది? దాదాపు 150 ఏళ్ళ కింద ఇదే రాష్ట్రంలో ఒక జడ్జి అది అనుభవించాడు. ఆయనే మహాదేవ్ గోవింద్ రానడే.

1842 జనవరి 18న నాసిక్ జిల్లా నిఫాడ్‌లో పుట్టారు. చిన్నతనం కొల్హాపూర్‌లో గడిచింది. చదువు బొంబాయి ఎల్ఫిన్‌స్టన్‌లో. అక్కడ ఒక వ్యాసంలో మరాఠా పాలన కంటే ఇంగ్లీషు పాలన తక్కువేనని రాస్తే, ప్రిన్సిపాల్ గ్రాంట్ ఆరు నెలలు స్కాలర్‌షిప్ ఆపేశారట. అభిప్రాయానికి డబ్బుతో ముడిపెట్టడం ఆయన అప్పుడే చూశారు. 1862లో బొంబాయి యూనివర్సిటీ మొదటి బీఏ బ్యాచ్‌లో పాసయ్యారు. 1866లో ఎల్ఎల్‌బీ అయింది. 1871లో పుణేలో సబార్డినేట్ జడ్జి ఉద్యోగం దొరికింది.

పొద్దున కోర్టు, సాయంత్రం సార్వజనిక్ సభ. కరువు మీద రిపోర్టులు, భూమి శిస్తు మీద లెక్కలు, సభ పత్రికలో వ్యాసాలు. చాలావాటి వెనక రానడే చెయ్యి ఉందని సర్కారుకు తెలుసు. తీర్పుల్లో మాత్రం తప్పు పట్టడానికి లేదు.

1869 నాటి బొంబాయి సివిల్ కోర్టుల చట్టం కింద ఇలాంటి జడ్జీల నియామకం గవర్నర్ ప్రభుత్వం పని. బదిలీకి పెద్ద కారణం చూపాల్సిన పనే లేదు. 1878లో రానడేను నాసిక్ పంపారు. మరుసటి ఏడాది వాసుదేవ్ బల్వంత్ ఫడ్కే తిరుగుబాటు లేచింది. ఫడ్కే పుణేలో మిలిటరీ లెక్కల ఆఫీసు గుమాస్తా, రానడే ఉపన్యాసాలు విన్నవాడు. 1879 మేలో పుణే విశ్రాంబాగ్ వాడా తగలబడింది. సర్కారు చూపు పుణే చదువుకున్నవాళ్ళ మీద పడింది. వేసవి సెలవులు కూడా కాకముందే రానడేకు ధూలే వెళ్ళమని హుకుం వచ్చింది.

జీతం తగ్గలేదు, హోదా పోలేదు. కాగితం మీద అది శిక్షే కాదు. అందుకే దానిమీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలి? విచారణ పెట్టి ఉంటే కనీసం జవాబు చెప్పుకునేవారు.

ధూలేలో ఆయన ఉత్తరాలు విప్పి చూసేవారు. తిరుగుబాటుదారులు రాసినట్టుగా దొంగ ఉత్తరాలు కూడా వచ్చేవి. రానడే వాటిని తిన్నగా పోలీసులకు పంపించారు. ఈ సంగతులు భార్య రమాబాయి తన మరాఠీ జ్ఞాపకాల పుస్తకంలో రాసి పెట్టారు. ఫడ్కే అదే జులైలో దొరికాడు. కోర్టులో అతని తరఫున నిలబడ్డ గణేశ్ వాసుదేవ్ జోషీ రానడేకు దగ్గరి స్నేహితుడు. అయినా రానడే మీద ఏదీ తేలలేదు. 1881లో బొంబాయిలో ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటుగా వేశారు. అదే ఏడు పుణే చేరారు.

పెద్దమనిషి అన్నాక వేలెత్తి చూపే చోటూ ఉంటుంది. వితంతు వివాహాల కోసం పాటుపడ్డ రానడే, 1873లో మొదటి భార్య పోగానే తండ్రి మాట కాదనలేక పదకొండేళ్ళ రమాబాయిని చేసుకున్నారు. అప్పటికి ఆయనకు 31. సర్కారు ముందు వంగని మనిషి ఇంట్లో వంగారు. తర్వాత ఆమెను చదివించారు, ఆమె పుణేలో సేవాసదన్ నడిపారు. అయినా ఆ మచ్చ అలాగే ఉంది.

1887లో రానడే దక్కన్ రైతుల రిలీఫ్ చట్టం కింద స్పెషల్ జడ్జి అయ్యారు. షావుకారు పత్రంలో రాసిందే వేదం అనుకోకుండా, అసలు ఎంత ఇచ్చాడు, వడ్డీ ఎంత లాగాడు అని కోర్టు తవ్వి చూడొచ్చని ఆ చట్టం చెప్పింది. పుణే, సతారా, అహ్మద్‌నగర్, సోలాపూర్ జిల్లాలకు మొదట అది వర్తించింది. సోలాపూర్ అంటే మనవాళ్ళ మగ్గాల ఊరు. కానీ చట్టం రైతులకే, నేతగాళ్ళకు కాదు. మగ్గం పరిస్థితి గురించి రానడే వేరుగా చెప్పారు. మిల్లు బట్ట వచ్చి చేతిపనులు కూలాయని, దేశంలో పరిశ్రమలు లేవాలని ఆయన ఆర్థిక వ్యాసాల సారం.

1893లో తెలంగ్ చనిపోయాక బొంబాయి హైకోర్టు జడ్జి పదవి ఇచ్చారు. 1901 జనవరి 16న ఆ పదవిలో ఉండగానే పోయారు.

1869 చట్టం సవరణలతో ఇప్పటికీ మహారాష్ట్రలో నడుస్తోంది. బదిలీ కలం మాత్రం చేతులు మారింది. 1950లో రాజ్యాంగం 235వ అధికరణం కింది కోర్టుల పోస్టింగులు, ప్రమోషన్లు, సెలవుల మీద అదుపు హైకోర్టుకు ఇచ్చింది. క్రమశిక్షణ చర్య కూడా అందులో భాగమేనని 1960ల్లో పశ్చిమబెంగాల్ జడ్జి బాగ్చి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జీతం, పింఛను ఖర్చు మాత్రం రాష్ట్రాల ఖజానాదే. వాటిని పెంచమని సిఫార్సు చేసిన రెండో జాతీయ జుడిషియల్ పే కమిషన్‌కు అధ్యక్షుడు మన తెలుగు జడ్జి జస్టిస్ పి.వెంకటరామరెడ్డి. కమిషన్ 2017లో ఏర్పడింది. పాత బాకీలు, పింఛన్లు కట్టండని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు గడువులు పెట్టాల్సి వచ్చింది.