బడి మెట్టు ఎక్కకముందే వచ్చిన భాష

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఒక ఉపాధ్యాయుడి జీవితం గురించి రాయాలనిపించింది. వెంటనే గుర్తొచ్చింది గిడుగు వెంకట రామమూర్తి గారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజునే. వాడుక భాషా ఉద్యమకారుడిగా ఆయన అందరికీ తెలుసు. అంతకంటే ముందు ఆయన మనకు పాఠాలు చెప్పినవాళ్ళలాంటి బడిపంతులు.

1863లో శ్రీకాకుళం ప్రాంతంలో, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో మహారాజావారి బడిలో గురజాడ అప్పారావు గారు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1896లో బి.ఏ. పూర్తిచేశారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ భాష తెలుగు కుటుంబానిది కాదు, ముండా శాఖకు చెందినది. అప్పటికి దానికి లిపి లేదు, పుస్తకం లేదు. సవర పిల్లలు చదువుకోవాలంటే ముందు తమది కాని భాష నేర్చుకోవాలి. ఏ పిల్లవాడైనా అయిదేళ్ళు వచ్చేసరికి తన భాషలో అడగడం, అలగడం, కథ చెప్పడం అన్నీ నేర్చుకునే ఉంటాడు. వ్యాకరణం ఎవరూ చెప్పకుండానే అంతా పట్టుబడుతుంది. అలాంటివాణ్ణి బడి గుమ్మం దగ్గర మూగవాణ్ణి చేయడం రామమూర్తి గారికి నచ్చలేదు. తెలుగు తెలిసిన సవర దగ్గర ఆ భాష నేర్చుకున్నారు. అందులో వాచకాలు తయారుచేశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపారు.

ఆ కృషికి ఆయన పెద్ద మూల్యమే చెల్లించారు. కొండల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. ఒక భాషలోని ధ్వనుల్ని చెవిపెట్టి విని రాసుకోవలసిన మనిషికి వినికిడే పోయింది. అయినా పని ఆపలేదు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు.

తెలుగు సంగతి 1907 ప్రాంతంలో ముందుకొచ్చింది. బడుల తనిఖీకి వచ్చిన ఇంగ్లీషు అధికారి యేట్స్ గారికి తెలుగువాళ్ళు మాట్లాడేదీ పుస్తకాల్లో ఉండేదీ వేరువేరుగా కనిపించాయి. ఆ సందేహం గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్, రామమూర్తి గార్లను కదిలించింది. జనం నోట ఉన్నది గ్రామ్యమని పండితులు తోసిపుచ్చేవారు. రామమూర్తి గారు శాసనాలూ పాత తాటాకు ప్రతులూ వెతికి, వాడుక రూపాలు పూర్వుల రాతల్లోనూ ఉన్నాయని చూపించారు. ఏ మాటైనా చెల్లుతుందని ఆయన అనలేదు. చదువుకున్నవాళ్ళు నిత్యం మాట్లాడే తెలుగులో పాఠాలు ఉండాలన్నారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు. ఊరూరా తిరిగి వాదించారు. ఎదుటివాళ్ళ మాట సరిగా వినబడకపోయినా సభలు మానలేదు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికీ బడి పుస్తకాల్లో గ్రాంథికానిదే పైచేయి. తాను కోరిన మార్పు పూర్తిగా రావడం ఆయన చూడలేదు.

నేను ఇంజనీరుని. పనిచోట ప్రమాద హెచ్చరిక రాస్తే, అది అక్కడి కూలీకి అర్థమయ్యే మాటల్లో ఉందా లేదా అన్నదే నాకు ముఖ్యం. అర్థం కాకపోతే చెయ్యో కాలో పోతుంది. పిల్లవాడికి అర్థం కాని పాఠం చేసే నష్టం అంత తొందరగా బయటపడదు. వాడు మొద్దు అనిపించుకుంటాడు, మెల్లగా బడి మానేస్తాడు.

మన బడికి ఇవాళ తండాల నుంచి, వలస కుటుంబాల నుంచి, ఇంట్లో వేరే భాష మాట్లాడే ఇళ్ళ నుంచి పిల్లలు వస్తుంటే, మొదటి నెలల్లో వాళ్ళ మాటలు నాలుగు నేర్చుకునే ఉపాధ్యాయులకు పూర్వ విద్యార్థుల సంఘం అండగా నిలవాలని నా కోరిక. ఇంగ్లీషు నేర్పండి, తెలుగు చక్కగా రాయడం నేర్పండి. ఏది నేర్పినా వాడు ఇంటి నుంచి తెచ్చుకున్న మాటతోనే మొదలుపెట్టండి.