ఒంటరి నావికుడు కెప్టెన్ జాషువా స్లోకమ్

ఒక్కడే పడవలో భూగోళాన్ని చుట్టివచ్చిన మొదటి మనిషి కెప్టెన్ జాషువా స్లోకమ్. నేటి కెనడాలోని నోవా స్కోషియాలో 1844 ఫిబ్రవరి 20న జన్మించారు. తండ్రిగారు బూట్లు కుట్టేవారు. కుర్రవాడికి ఆ పని గిట్టక 14వ ఏట పారిపోయి చేపల పడవలో వంటవాడిగా చేరారు. వంట కుదరక వెంటనే ఉద్వాసన అయింది. తల్లి పోయాక 16వ ఏట మళ్ళీ వెళ్ళి, అంచెలంచెలుగా తెరచాప ఓడలకు కెప్టెన్ అయ్యారు. అమెరికా పౌరసత్వమూ స్వీకరించారు.

1871లో సిడ్నీలో వర్జీనియా అనే ఆమెను పెళ్ళాడి, కాపురమంతా ఓడల మీదనే చేశారు. 1884లో బ్యూనస్ ఎయిర్స్ వద్ద ఓడలోనే ఆవిడ కన్నుమూశారు. 1887లో సొంత ఓడ బ్రెజిల్ తీరంలో దెబ్బతిని పోయింది. అక్కడే స్వయంగా ఒక పడవ కట్టుకుని రెండవ భార్యతోనూ, ఇద్దరు కొడుకులతోనూ అమెరికా చేరుకున్నారు.

అప్పటికి ఆవిరి ఓడల కాలం వచ్చింది. తెరచాప కెప్టెన్లను అడిగేవారు లేరు. (కంప్యూటర్లు వచ్చాక మన టైపిస్టుల పరిస్థితి మిత్రులకు జ్ఞాపకమే కదా!) 48 ఏళ్ళ వయసులో పని లేక తిరుగుతున్న ఆయనకు 1892లో ఒక స్నేహితుడు ఓడ ఇస్తానన్నాడు. ఫెయిర్‌హావెన్‌కు వెళ్ళి చూస్తే, పొలంలో ఊతకర్రల మీద నిలబెట్టిన పాత ఆల్చిప్పల పడవ! దాని పేరు స్ప్రే. స్నేహితుడు వేళాకోళం చేశాడు, ఈయన మాత్రం గొడ్డలి పట్టారు. 13 నెలలు శ్రమించి కొయ్య కొయ్యా మార్చారు. సామానుకు అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. సెంట్లతో సహా లెక్క రాసుకున్న మనిషంటే నాబోటి గుమాస్తాకు గౌరవం కలగక మానదు. పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు.

1895 ఏప్రిల్ 24న బోస్టన్‌లో లంగరెత్తారు. సముద్రంలో దారి తెలియడానికి సరైన గడియారం ముఖ్యం. ఆయన పాత క్రోనోమీటర్ మరమ్మతుకు 15 డాలర్లు అడిగారు. అది మానుకుని, అద్దం పగిలిన రేకు గడియారం ఒక్క డాలరుకు కొన్నారు. తరువాత దాని నిమిషాల ముల్లు ఊడిపోతే, గడియారాన్ని నీళ్ళలో ఉడకబెట్టి మళ్ళీ నడిపించారు.

జిబ్రాల్టర్ దాకా వెళ్ళి, మధ్యధరా సముద్రంలో దొంగల భయం ఉందని తెలిసి వెనుదిరిగి దక్షిణ అమెరికా దారి పట్టారు. మెజిలాన్ జలసంధిలో రాత్రిళ్ళు స్థానిక తెగలవారు పడవ ఎక్కే ప్రమాదం ఉంది. ఒక శ్రేయోభిలాషి ఇచ్చిన తివాచీ మేకులను డెక్కు మీద చల్లి నిద్రపోయారు. నడిరాత్రి చడీచప్పుడు లేకుండా ఎక్కినవారు వట్టి పాదాలతో వాటిని తొక్కి, కేకలు వేస్తూ నీళ్ళలోకి దూకారు. కాపలా కుక్కకు తిండి ఖర్చు, మేకులకు అదీ లేదు.

స్ప్రే గొప్పతనం ఏమిటంటే, తెరచాపలు సరిచేసి చుక్కాని కట్టేస్తే తనంత తానే దారి తప్పకుండా పోయేది. హిందూ మహాసముద్రంలో కీలింగ్ దీవులకు 2,700 మైళ్ళు 23 రోజుల్లో వెళితే, ఆయన చుక్కాని పట్టింది మొత్తం మూడు గంటలకు మించదట. మిగిలిన కాలమంతా పుస్తకాలు చదువుకున్నారు. దక్షిణాఫ్రికాలో అధ్యక్షుడు క్రూగర్‌ను కలిస్తే, భూమి గుండ్రమని ఒప్పుకోని ఆ పెద్దమనిషి ఈ ప్రయాణమే అసాధ్యమన్నారు. సెయింట్ హెలీనాలో బహుమతిగా వచ్చిన మేక, వెస్టిండీస్ మ్యాపును నమిలి మింగేసింది!

1898 మే నెలలో బ్రెజిల్ తీరంలో ఆరెగాన్ అనే అమెరికన్ యుద్ధనౌక ఎదురైంది. స్పెయిన్‌తో యుద్ధం మొదలైన సంగతి అప్పుడే ఖాయంగా తెలిసింది. శత్రు నౌకలు కనిపించాయా అని జెండాలతో అడిగిన ఆ మహానౌకకు, లేవని చెప్పి, రక్షణ కోసం మనమిద్దరం కలిసి పోదామని ఈ బుల్లి పడవ సంకేతం పంపింది. 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరేసరికి 46,000 మైళ్ళు పూర్తయ్యాయి. విచిత్రమేమంటే, ఆయనకు ఈత రాదు.

1900లో తన యాత్ర గ్రంథం వెలువడి మంచి పేరూ, డబ్బూ తెచ్చింది. కొంత భూమి కొన్నారు గాని నేల మీద మనసు నిలవలేదు. 1909 నవంబరులో, మనం జీవన ప్రమాణ పత్రాలు దాఖలు చేసుకునే నెలలో, అదే పడవలో ఒంటరిగా దక్షిణానికి బయలుదేరారు. మనిషీ, పడవా మళ్ళీ కనిపించలేదు. చట్టప్రకారం ఆయన మరణించినట్లు ప్రకటించింది 1924లో.