మాంసానికి చట్టం వచ్చింది, మనిషికి రాలేదు
అప్టన్ సింక్లేర్ జీవితం

చికాగో పేరు మన కూలి సంఘాలకు మేడే వల్ల తెలుసు. 1886లో ఎనిమిది గంటల పని కోసం రక్తం చిందిన నగరం అది. అదే నగరంలో 1865 నుంచి 1971 వరకు ప్రపంచంలోకెల్లా పెద్ద పశువుల సంత, దాన్ని ఆనుకుని పెద్ద పెద్ద కబేళాలు నడిచాయి. వాటి లోపల కూలివాడు ఏ గాలి పీల్చాడో లోకానికి చెప్పిన రచయిత అప్టన్ సింక్లేర్. ఆయన గురించి ఈ వారం మన పాఠకులకు చెప్పదలచాం. కారణం లేకపోలేదు. మన కోస్తా జిల్లాల్లో పొలం పనులు తగ్గి, కూలి కుటుంబాల ఆడపడుచులు రొయ్యల ఫ్యాక్టరీలకు, కోళ్ల ఫ్యాక్టరీలకు పోతున్నారు గదా.

సింక్లేర్ 1878 సెప్టెంబరు 20న బాల్టిమోరులో పుట్టాడు. తండ్రి సారా అమ్ముకు తిరిగేవాడు, తనూ తాగుడుకు బానిసయ్యాడు. తల్లి తరపువాళ్లు కలిగినవాళ్లు. పిల్లవాడు కొన్నాళ్లు నల్లులు కుట్టే అద్దె గదిలో, కొన్నాళ్లు బంధువుల మేడలో పెరిగాడు. ఒక ఇంట్లో అన్నం లేకపోవడం, ఇంకో ఇంట్లో పారబోయడం ఎందుకన్న ప్రశ్న ఆయనకు పుస్తకాల్లో దొరికింది కాదు. పద్నాలుగేళ్లకే కాలేజీలో చేరి, పత్రికలకు హాస్య తునకలు, చవక నవలలు రాసి చదువుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సోషలిస్టు అయ్యాడు.

1904 జూలైలో కబేళా కార్మికులు సమ్మె చేశారు. పని నేర్పు లేని కూలీల రేటు కోయవద్దనేది డిమాండు. నేర్పుగల కార్మికులు కూడా వాళ్ల కోసం పని ఆపారు. మాంసం గుత్తాధిపతులు బయటి నుంచి మనుషుల్ని దింపి, సెప్టెంబరు నాటికి సమ్మెను అణిచేశారు. ఆ శరదృతువులో, 'అప్పీల్ టు రీజన్' అనే సోషలిస్టు వారపత్రిక ఇచ్చిన 500 డాలర్లతో సింక్లేర్ చికాగో వెళ్లాడు. పాత బట్టలు, చేతిలో అన్నం క్యారియరు. అలా వెళ్తే గేటు దగ్గర ఎవరూ ఆపేవారు కాదు. ఏడు వారాలు కార్మికుల ఇళ్లలో కూర్చుని విన్నాడు, షెడ్లలో తిరిగి చూశాడు.

ఆ అనుభవమే 'ది జంగిల్' నవల. కథానాయకుడు జుర్గిస్ లిథువేనియా రైతుబిడ్డ, ఒంట్లో బలమే ఆస్తిగా పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడు. మన పాఠకులు ఇందులో ముఖ్యంగా చూడాల్సింది ఎరువుల షెడ్డు. కబేళాలో మిగిలిన ఎముకలు, నెత్తురు ఎండబెట్టి పొడిచేసి, ఫాస్ఫేటు కలిపి పొలాలకు ఎరువుగా అమ్మేవారు. ఆ షెడ్డులో దుమ్ము ఎంత దట్టమంటే ఎదుటి మనిషి కనపడడు. మొదటి రోజే జుర్గిస్‌కు తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. కంపు ఒంట్లో ఇంకిపోయి ట్రాములో పక్కవాళ్లు లేచిపోతారు. ఇంకోచోట మాంసం ఊరబెట్టే గదుల్లో, గొర్రెతోళ్ల దగ్గర ఆమ్లం వేళ్లను తినేస్తుంది. ఆవిరి గదులూ చలిగదులూ మరో రకం. క్షయ ఇంటింటికీ వస్తుంది. పంట చేతికొచ్చినప్పుడు ఆ ఎరువు బస్తా నింపిన కూలి ఊపిరి ఎవరికి గుర్తొస్తుంది?

1905 ఫిబ్రవరి నుంచి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. పేరున్న ప్రచురణ సంస్థ జంకింది. చివరికి 1906 ఫిబ్రవరిలో డబుల్‌డే సంస్థ పుస్తకంగా వేసింది. దేశం అట్టుడికింది. దేనికి? తాము తినే డబ్బా మాంసంలో కుళ్లు కలుస్తోందని! అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పంపిన ఇద్దరు తనిఖీదారులు గాలి ఆడని గదుల్ని, కార్మికుల క్షయనూ కూడా చూసి రాశారు. అయినా 1906 జూన్ 30న సంతకమైన రెండు చట్టాలూ మాంసం గురించి, ఆహారం మందుల గురించే. తనిఖీ ఖర్చు ఏటా 30 లక్షల డాలర్లు ఖజానా మీద పడ్డాయి గానీ కంపెనీల మీద కాదు. కూలివాడి గాలికి ఒక్క కిటికీ కూడా ఆ చట్టం పెట్టించలేదు. ఈ సంగతి సింక్లేర్‌ను జీవితమంతా బాధించింది.

లోపాలు లేని పుస్తకం కాదది. ఆఖరి అధ్యాయాలు కథ పోయి ఉపన్యాసాలయ్యాయి. సమ్మె విరవడానికి తెచ్చిన నల్లజాతి కూలీలను ఆయన జాతి ద్వేషం కలిసిన కళ్లతో చిత్రించాడు. వాళ్లూ ఆకలికి వచ్చినవాళ్లే. కూలీలను కూలీల మీదకు తోసిన యజమాని ఎత్తును అక్కడ ఆయన సరిగా పట్టలేదని మా అభిప్రాయం.

ఆ తర్వాత జీవితం పొడుగైనది. 1914లో లడ్లో బొగ్గుగని కార్మికుల హత్యాకాండకు నిరసనగా న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ కంపెనీ కార్యాలయం ముందు నల్లపట్టీలతో నిలబడి అరెస్టయ్యాడు. బొగ్గు మీద, చమురు మీద నవలలు రాశాడు. 1934లో దారిద్ర్య నిర్మూలన కార్యక్రమంతో కాలిఫోర్నియా గవర్నరు పదవికి పోటీచేసి ఓడినా, ఎనిమిది లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. 1943లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 1967 డిసెంబరులో కొత్త మాంసం చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెడుతుంటే ముసలి సింక్లేర్‌ను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. అదీ మాంసం చట్టమే. 1968 నవంబరు 25న చనిపోయాడు. కార్మికుల భద్రతకు దేశవ్యాప్త చట్టం 1970 డిసెంబరు 29న వచ్చింది, ఆయన పోయిన రెండేళ్లకు.

అంతటితో తీరిందా? ఇప్పుడు అమెరికా కోళ్ల ఫ్యాక్టరీల్లో క్రిములు చావాలని మాంసాన్ని పెరాసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో ముంచుతారు, చల్లుతారు. తినేవాడికి మేలే. కానీ దాని ఆవిరి లైను పక్కన నిలబడినవాళ్ల కళ్లు మండిస్తుంది, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులను గాయపరుస్తుంది. 1906 నాటి లెక్కే ఇది, మాంసం శుభ్రం, మనిషికి దగ్గు. 2021 జనవరి 28న జార్జియా రాష్ట్రం గెయిన్స్‌విల్లో కోళ్ల ఫ్యాక్టరీలో చల్లబరిచే ద్రవ నైట్రోజన్ లీకై ఆరుగురు చనిపోయారు. దానికి వాసన ఉండదు. గదిలో ప్రాణవాయువును తరిమేస్తుంది, మనిషి తెలిసేలోపే కూలిపోతాడు.

మన దగ్గర చూస్తే, పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో 2017 మార్చి 30న ట్యాంకు కడగడానికి దిగిన అయిదుగురు విషవాయువుకు బలయ్యారు. చలిగదులు నడిచేది చాలాచోట్ల అమ్మోనియాతో. అది లీకైతే కళ్లు, ఊపిరితిత్తులు కాలినట్టవుతాయి. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే దుమ్ము కొంత ఆగుతుందేమో గానీ వాయువు ఆగదు.

అందుకని ఫ్యాక్టరీకి పోయే అక్కచెల్లెళ్లూ, తమ్ముళ్లూ ఇవి అడగాలి. ఆమ్లం తొట్టెలకు మూత, వాటి పైనే ఆవిరిని లాగి బయటికి పంపే ఫ్యాను. అమ్మోనియా కనిపెట్టి మోగే గంట. పని వేళల్లో తాళం వేయని తలుపులు. గాలి పరీక్షల లెక్కలు మనకు చదవొచ్చే తెలుగులో గోడ మీద. గాలి పరీక్షించకుండా, పైన తాడు పట్టుకునే మనిషి లేకుండా ట్యాంకులోకి దిగమంటే ఒక్కరూ దిగొద్దు. లోపల ఒకడు పడిపోతే కాపాడబోయి వెంటనే ఇంకొకడు దూకొద్దు. ఆ దిగనన్నవాడికి ఆ రోజు కూలి ఇప్పించేదాకా సంఘం గేటు దగ్గరే ఉండాలి.