నాట్యం చేయని నాట్యాచార్యుడు

కవిత్వం నేర్పితే వచ్చేదా అన్న ప్రశ్న మన సాహిత్యంలో చాల పాతది. ప్రతిభ పుట్టుకతో రావలసిందే గాని బడిలో దొరకదనేవారు కొందరు. వ్యుత్పత్తి, అభ్యాసం తోడుగాని ప్రతిభ నిలువదనేవారు మరికొందరు. ఈ వివాదమే 20వ శతాబ్ది పూర్వార్ధంలో అమెరికా నాట్యరంగాన తలయెత్తినది. అక్కడ రెండవ పక్షం వహించి, నృత్యరచనను క్రమబద్ధమైన విద్యగా మలచి, ఒక తరానికి పైగా విద్యార్థులకు బోధించిన ఆచార్యుడు లూయీ హార్స్ట్. విచిత్రమేమంటే ఆయన నర్తకుడు కాడు. పియానో వాయించుకొని బ్రతికిన సంగీతకారుడు.

హార్స్ట్ 1884 జనవరి 12వ తేదీన మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో, జర్మనీ నుండి వలసవచ్చిన కుటుంబంలో జన్మించినాడు. బాల్యం శాన్ ఫ్రాన్సిస్కోలో గడిచినది. తండ్రి వాద్యకారుడు. కుమారుడు పియానో, వయొలిన్ రెండును నేర్చి, యౌవనంలో నాటకశాలలలోను, మూకీ చిత్రాలాడే మందిరాలలోను, జూదశాలలలోను వాయించి జీవనం గడిపినాడు. అప్పటికి ఆయనకు నాట్యంతో చెప్పదగిన సంబంధం లేదు.

1915లో రూత్ సెయింట్ డెనిస్, టెడ్ షాన్ అనే దంపతులు లాస్ ఏంజలీస్‌లో డెనిషాన్ అనే నృత్యపాఠశాలను స్థాపించినారు. వారి పర్యటనలో పియానో వాయించేవారు కావలసివచ్చి, కొద్దిరోజుల పనికని హార్స్ట్‌ను పిలిచినారు. ఆ కొద్దిరోజులు పది సంవత్సరాలైనవి. పౌరస్త్య దేశాల వేషభూషలపై, కథలపై సెయింట్ డెనిస్‌కు మక్కువ మెండు. 1906లోనే ఆమె ‘రాధ’ అనే నృత్యాన్ని ఒక ఫ్రెంచి సంగీతనాటకంలోని స్వరాలకు కూర్చి ఆడినది. తరువాతి కాలంలో ఆమె మరొక పద్ధతి చేపట్టినది. సంగీతంలో స్వరం హెచ్చితే దేహం లేవాలి, తగ్గితే వంగాలి, తాళం ఆగితే అడుగు ఆగాలి. వినబడేదానిని కనబడేటట్లు చేయడమే ఆ పద్ధతి లక్ష్యం. ఈ నృత్యాలకు సంగీతం సమకూరుస్తున్న హార్స్ట్‌కు క్రమంగా ఒక సందేహం కలిగినది. సంగీతం వెంట నీడవలె నడిచే నాట్యానికి స్వంత ప్రాణమెక్కడిది? 1925లో ఆయన డెనిషాన్‌ను వదలి, సంగీతరచన అభ్యసించడానికి వియన్నా వెళ్లినాడు. ఆ బృందం తూర్పుదేశాలలో పర్యటించి 1926లో మన దేశానికి వచ్చినప్పుడు ఆయన అందులో లేడు.

వియన్నాలో ఆయన ఎంతోకాలం నిలువలేదు. కొద్ది మాసాలలోనే న్యూయార్కు చేరుకున్నాడు. డెనిషాన్‌లో శిష్యురాలిగా చేరి, అంతకు ముందే బయటపడిన మార్తా గ్రాహం అప్పుడు స్వతంత్రంగా నృత్యాలు కూర్చే ప్రయత్నంలో ఉన్నది. 1926 ఏప్రిల్ 18న ఆమె ఇచ్చిన మొదటి స్వతంత్ర ప్రదర్శనకు పియానో వాయించినవాడు హార్స్ట్. నాటినుండి 1948 వరకు ఆమెకు ఆయన సంగీత నిర్దేశకుడు, విమర్శకుడు, ఆంతరంగికుడు. ఆమె కూర్చిన నృత్యంలో అనవసరమైన అలంకారం కనిపిస్తే తీసివేయమని నిర్మొగమాటంగా చెప్పగలిగినవాడు ఆయన.

వారి సహకారంలో పుట్టిన నృత్యాలలో మేటి 1931 నాటి ‘ప్రిమిటివ్ మిస్టరీస్’. అమెరికా నైరృతి ప్రాంతపు ఆదిమవాసుల, స్పానిష్ క్రైస్తవుల పూజావిధానాలనుండి గ్రహించిన స్ఫూర్తితో ఆ కృతి రూపొందినది. నర్తకీమణులు నిశ్శబ్దంలోనే రంగం మీదికి నడచి వస్తారు. భాగం ముగియగానే మరల నిశ్శబ్దంలోనే నిష్క్రమిస్తారు. నృత్యరచన జరిగిన పిమ్మటనే హార్స్ట్ దానికి వేణువు, ఓబో, పియానోలతో సంగీతం కూర్చినాడు. సంగీతం ముందు, నాట్యం వెనుక అన్న క్రమం ఇక్కడ తలక్రిందులైనది. 1935లో వచ్చిన ‘ఫ్రాంటియర్’కును, 1940లో వచ్చిన ‘ఎల్ పెనితెంతే’కును ఆయనదే సంగీతం. సంగీతం గోడ వంటిదై నాట్యానికి హద్దు చూపాలే గాని, దానిని ముంచివేసే వరద కారాదన్న ఆయన తత్త్వం ఈ కృతులలో కనిపిస్తుంది.

ఐతే హార్స్ట్ కీర్తికి అసలు పునాది ఆయన తరగతి గది. 1928లో న్యూయార్కులోని నైబర్‌హుడ్ ప్లేహౌస్‌లో బోధన ప్రారంభించినాడు. అప్పటి యువనర్తకులకు ఇసడోరా డంకన్ చూపిన స్వేచ్ఛ ఆదర్శం. బాలే నాట్యపు వ్యాకరణాన్ని వారు త్రోసిపుచ్చినారు. దాని స్థానంలో మరొక వ్యాకరణం ఏర్పడలేదు. హృదయంలో ఆవేశముంటే దేహం దానంతట అదే పలుకుతుందని వారి నమ్మకం. ఆవేశం కవితకు కారణం కావచ్చును గాని కవిత కాదని హార్స్ట్ వాదం. ఛందస్సు ఎరిగిన కవి దానిని కాదని వచనంలో వ్రాస్తే అది స్వేచ్ఛ. ఎరుగనివాడు వ్రాస్తే అది నిస్సహాయత. ఈ తేడాను నాట్యంలో చూపడమే ఆయన పూనిక.

నియమాలు ఎక్కడనుండి తేవాలి? ఆయన సంగీత చరిత్రను ఆశ్రయించినాడు. 16, 17 శతాబ్దాలలో ఐరోపా రాజాస్థానాలలో ఆడిన పావాన్, గాలియార్డ్, అల్మాండ్, కూరాంత్, సారబాండ్, జీగ్ మొదలైన నృత్యాలు కాలక్రమాన ఆడేవారు లేక మరుగుపడినవి. కాని వాటి నడకలు బాఖ్ వంటి మహానుభావుల వాద్యరచనలలో నిలిచిపోయినవి. పాదాలను వదలి స్వరాలలో దాగిన ఆ రూపాలను హార్స్ట్ తిరిగి పాదాలకు అప్పగించినాడు. పాత అడుగులను యథాతథంగా పునరుద్ధరించడం ఆయన ఉద్దేశం కాదు. ఆ నృత్యం యొక్క లయ, కొలత, స్వభావం గ్రహించి, విద్యార్థి తన కాలపు కదలికలతో కొత్త నృత్యం కూర్చాలి. పావాన్ విలంబంలో సాగే ఊరేగింపు నడక. అందులో దర్పం చూపవచ్చు, శోకమూ చూపవచ్చు. గాలియార్డ్ మూడు మాత్రల గతిలో ఎగిరిపడే ఉల్లాసం. సారబాండ్ కథ మరీ విచిత్రం. స్పెయిన్‌లో అశ్లీలమని 1583లో నిషేధానికి గురియైన ఆ నృత్యమే, ఫ్రాన్సు చేరి గంభీరమైన మందగతిగా మారినది. రూపానికి కూడ ఒక జీవితమున్నదని విద్యార్థులకు దీనివలన తెలిసేది.

నిర్మాణంలో ఆయన పట్టుబట్టినది మూడు భాగాల పద్ధతి. ఒక విషయం చెప్పాలి. దానికి భిన్నమైనది చెప్పాలి. మరల మొదటిదానికి రావాలి. పల్లవి, చరణం, తిరిగి పల్లవి ఎరిగిన మనకు ఇది వింత కాదు. ఆ మొదటి విషయమైనా రెండు మూడు కదలికలకు మించరాదు. ఆ కొద్దిపాటి బీజాన్నే వేగం మార్చి, దిశ మార్చి, పెంచి, కుదించి, త్రిప్పి నృత్యమంతా పెంచాలి. ఒకే సాహిత్యపంక్తిని గాయకుడు నెరవులో పలువిధాల పలికించినట్లే ఇదీని. తోచిన ప్రతి అందమైన భంగిమను దండగ్రుచ్చే విద్యార్థికి ఆయన తరగతిలో చోటు లేదు.

ఈ మెట్టు ఎక్కినవారికి రెండవ పాఠక్రమం ఆధునిక రూపాలు. ఆదిమ కళ, ప్రాచీన శిల్పం, మధ్యయుగపు మతచిత్రాలు, అంతర్ముఖత్వం, జాజ్ సంగీతం, ఇంప్రెషనిస్టు చిత్రకళ వంటివి ఇందులో విభాగాలు. చిత్రకారుడు రేఖతో, సంగీతకారుడు అపస్వరంతో సాధించినదానిని నర్తకుడు దేహంతో ఎట్లు సాధించాలన్నది ప్రశ్న. మొదటి పాఠక్రమం 1937లోను, రెండవది 1961లోను గ్రంథరూపం దాల్చినవి.

బోధనలో ఆయన దయాదాక్షిణ్యాలు చూపేవాడు కాడు. స్థూలకాయుడైన ఆచార్యుడు పియానో ముందు కనులు మూసుకొని కునికినట్లుండేవాడు. ఒక్క మాత్ర తప్పితే ఆ కనులు తెరుచుకునేవి. విమర్శ విని కన్నీరు పెట్టినవారు ఎందరో. ఐనను వారే మరునాడు సవరించుకొని తెచ్చి చూపేవారు. 1934 నుండి వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్ కళాశాలలో జరిగిన వేసవి నృత్యశిబిరాలకు పలు రాష్ట్రాల కళాశాలలనుండి వ్యాయామోపాధ్యాయినులు వచ్చేవారు. వారు తమ ఊళ్లకు తిరిగి వెళ్లి బోధించడంతో హార్స్ట్ పద్ధతి దేశమంతటా వ్యాపించినది. ఆ సంవత్సరమే ఆయన ‘డాన్స్ అబ్జర్వర్’ అనే పత్రికను స్థాపించి, కడవరకు నడిపినాడు. 1948లో గ్రాహంతో తెగతెంపులైనను బోధన ఆగలేదు. కనెక్టికట్ కళాశాల వేసవి శిబిరాలలోను, 1951లో జూలియార్డ్ విద్యాలయంలో నృత్యశాఖ ఏర్పడిన నాటినుండి అక్కడను పాఠాలు చెప్పినాడు. ఉత్తరోత్తరా జర్మనీలో ప్రఖ్యాతి గాంచిన పీనా బౌష్ జూలియార్డ్‌లో ఆయన వద్ద చదువుకొన్నదే.

కాని నియమం నేర్పిన గురువుపై తిరుగుబాటు తప్పదు. ఆయన శిష్యుడు పాల్ టేలర్ 1957లో ఇచ్చిన ప్రదర్శనలో ఒక నృత్యం టెలిఫోనులో గంటలు చెప్పే గొంతుకు కూర్చినది. మరొకదానిలో నర్తకులు కదలనే కదలరు. హార్స్ట్ తన పత్రికలో ఆ ప్రదర్శన పేరు, తేదీ, స్థలం వేసి, క్రింద ఖాళీ జాగా వదలి, అడుగున సంతకాక్షరాలు మాత్రం అచ్చువేయించినాడు. మౌనమే విమర్శయైనది. 1960లో రాబర్ట్ డన్ అనే సంగీతకారుడు, హార్స్ట్ పద్ధతికి భిన్నంగా, విధినిషేధాలు లేని నృత్యరచనా తరగతి ప్రారంభించినాడు. ఆ తరగతినుండి 1962లో జడ్సన్ బృందం వెలువడినది. చూడగా ఈ తిరుగుబాటు ఆయన వేసిన విత్తనమే. నాట్యం సంగీతానికి దాసి కాదని మొదట నిరూపించినవారిలో ఆయన ఒకడు. తరువాతివారు ఆ బంధాన్ని పూర్తిగా త్రెంచివేసినారు. ధిక్కరించడానికైనను ఎదుట ఒక గోడ ఉండాలి. ఆ గోడ కట్టినవాడు హార్స్ట్.

80 సంవత్సరాలు నిండిన కొద్దిదినాలకే, 1964 జనవరి 23న న్యూయార్కులో ఆయన కన్నుమూసినాడు. పత్రిక కూడ ఆయనతోనే నిలిచిపోయినది. ఆయన పేర రంగస్థలం మీద మిగిలినది కొద్దిపాటి సంగీతం మాత్రమే. ఐనను తోచినదానికీ, కూర్చినదానికీ మధ్య దూరమెంతో తెలుసుకొన్న ప్రతి శిష్యుని నృత్యంలో ఆయన శ్రమ ఉన్నది. కర్త కనబడక కార్యం నిలవడం ఆచార్యత్వానికి లక్షణం. ఆ లక్షణం హార్స్ట్‌లో సంపూర్ణంగా సిద్ధించినది.