బోధకుడుగా కట్టమంచి రామలింగారెడ్డిగారు

అర్థశాస్త్రమో వాణిజ్యశాస్త్రమో బోధించే అధ్యాపకుడు విశ్వవిద్యాలయ పట్టా చేతికి వచ్చిననాడే పూర్తిగా తయారైపోయినట్లు భావించటం మనలో పరిపాటి. ఆ తరువాత ఆయన చేయవలసినదల్లా తన నోట్సును ఏటేటా చదివి వినిపించటమేనన్న అభిప్రాయం విద్యార్థులకే కాదు, పెద్దలకు కూడ ఉన్నది. కాని ధరలు మారుతవి, పన్నులు మారుతవి, కంపెనీ చట్టం మారుతుంది. మారని నోట్సుతో మారే శాస్త్రాన్ని చెప్పటం ఎట్లా? ఉపాధ్యాయుడు ఉద్యోగంలో చేరిన పిమ్మట ఏ విధంగా ఎదుగుతాడో తెలిసికొనటానికి ఒక మహనీయుని జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలింప దలచినాము. ఆయన కవిగా, విమర్శకుడుగా, వక్తగా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షుడుగా సుప్రసిద్ధుడే. తరగతి గదిలో నిలిచిన అధ్యాపకుడుగా మాత్రం ఆయనను తలచుకొనేవారు తక్కువ. మన తణుకు ప్రాంతం నుండి ఏలూరు వెళ్లి చదువుకొన్న వారందరకు ఆయన పేరు కళాశాల పేరుగానే పరిచయం. ఆయనే సర్ సి. ఆర్. రెడ్డి, అనగా కట్టమంచి రామలింగారెడ్డిగారు.

ఆయన 1880 డిసెంబరు 10న చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో వ్యవసాయ కుటుంబంలో జన్మించినారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతూనే ముసలమ్మ మరణము అనే కావ్యం వ్రాసి, కళాశాల ఆంధ్ర భాషా సంఘం పెట్టిన పోటీలో బహుమానం పొందినారు. తెగబోతున్న చెరువు గట్టును, ఊరిని కాపాడటానికి ప్రాణమర్పించిన ఇల్లాలి కథ అది. కొల్లేటి వరదలు ఎరిగిన మనకు ఆ కథలోని భయం వేరొకరు వివరించనక్కరలేదు. పట్టభద్రుడైన పిదప ప్రభుత్వ విద్యార్థి వేతనంపై ఇంగ్లండు వెళ్లి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో ముఖ్యంగా చరిత్ర చదివినారు. అక్కడి యూనియన్ సభకు ఉపాధ్యక్షుడుగా ఎన్నికైనారు. వాదంలో ప్రత్యర్థి మాటను ముందు పూర్తిగా విని, పిదప దానికి బదులు చెప్పే అలవాటు ఆ సభలో అబ్బుతుంది. బోధనకు ఇది మంచి పునాదియే. కాని వక్తృత్వం, బోధన ఒకటి కావు. వక్త శ్రోతలను నిశ్శబ్దులను చేస్తాడు, ఉపాధ్యాయుడు విద్యార్థిచేత మాట్లాడిస్తాడు. ఈ రెండవ విద్య కేంబ్రిడ్జిలో లభించేది కాదు.

ఆ కాలంలో అర్థశాస్త్రం చాలాచోట్ల చరిత్ర శాఖ నీడలోనే పెరిగింది. కేంబ్రిడ్జిలో సైతం దానికి ప్రత్యేక పరీక్ష ఏర్పడినది 1903లోనే. దానికై పట్టుబట్టిన ఆల్‌ఫ్రెడ్ మార్షల్ పండితుడు రెడ్డిగారు చదివిన సెయింట్ జాన్స్ కళాశాలకు చెందినవాడే. ఇక వాణిజ్యశాస్త్రం సంగతి చెప్పనక్కరలేదు. మన దేశంలో దానికై ప్రత్యేకంగా బొంబాయిలో సిడెన్‌హామ్ కళాశాల నెలకొనినది 1913లో. కనుక రెడ్డిగారి తరంవారు తమకెవరూ నేర్పని శాస్త్రాన్ని తాము నేర్చుకొంటూ ఇతరులకు నేర్పవలసి వచ్చింది.

స్వదేశానికి తిరిగివచ్చి బరోడా కళాశాలలో కొంతకాలం పనిచేసి, పిమ్మట మైసూరు మహారాజా కళాశాలలో చరిత్రాచార్యులుగా చేరినారు. వారి అధ్యాపక జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం ఇక్కడిదని మా అభిప్రాయం. మైసూరులో కన్నడ విద్యార్థులకు ఇంగ్లీషులో పాఠం చెపుతూ ఉన్న ఆ సంవత్సరాలలోనే ఆయన తెలుగు పాఠకులకోసం భారత అర్థశాస్త్రము రచించినారు. ఉద్యోగానికి ఆ గ్రంథం అవసరం లేదు. జీతం పెరగదు, పదవి రాదు. అయినా ఆ శ్రమ ఎందుకు పడినట్లు?

ఇంగ్లీషులో చదివిన విషయాన్ని ఇంగ్లీషులోనే ఒప్పజెప్పటం తేలిక. అర్థం కాని చోట పారిభాషిక పదం అడ్డుపడి మనలను కాపాడుతుంది. అదే విషయాన్ని తల్లిభాషలో, ఆ శాస్త్రం పేరైనా వినని రైతుకు తెలియజెప్పవలసి వచ్చినప్పుడు మనకు తెలిసినదెంతో, తెలియనిదెంతో బయటపడుతుంది. విలువకు, ధరకు గల భేదం ఏమి? పొలం కౌలు పెరిగినందువలన ధాన్యం ధర పెరిగినదా, లేక ధాన్యం ధర పెరిగినందువలన కౌలు పెరిగినదా? ఇంగ్లీషు గ్రంథంలో ఒక్క వాక్యంతో దాటిపోయే ఈ ప్రశ్నకు తెలుగులో సమాధానం వ్రాయబూనినవాడు డెల్టా పొలం గట్టు మీద నిలబడి ఆలోచింపక తప్పదు. మాంచెస్టరు మిల్లు ఉదాహరణ ఇక్కడ చెల్లదు. ధవళేశ్వరం ఆనకట్ట వచ్చిన పిదప గోదావరి మండలంలో భూమి విలువ ఎట్లు మారినది, పారశీకం నుండి వచ్చిన ముస్లిం కళాకారుల సంతతివారు ఏలూరులో నేసిన తివాచీలకు అంగడి ఎక్కడ దొరికినది అనే ప్రశ్నలే మన విద్యార్థికి అర్థశాస్త్రం.

భాషల విషయంలో ఇంకొక మాట. మన జమాఖర్చుల పదాలన్నీ సంస్కృతం నుండి వచ్చినవి కావు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, కిస్తు మొదలైనవి అరబ్బీ పారశీకాల నుండి వచ్చి, ఉర్దూలోను తెలుగులోను ఒకేవిధంగా స్థిరపడినవి. మన కళాశాలలో పక్కపక్కన కూర్చొనే ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఈ శాస్త్రంలో సగం మాటలు ఇంటి దగ్గరే నేర్చి వస్తున్నారన్నమాట. ఉర్దూలో ఇట్టి ప్రయత్నం అంతకుముందే జరిగింది. లాహోరులో అధ్యాపకుడుగా ఉన్న ముహమ్మద్ ఇక్బాల్ 1904లో ఇల్ముల్ ఇక్తిసాద్ పేర అర్థశాస్త్ర గ్రంథాన్ని ప్రకటించినారు. మరుసటి సంవత్సరమే ఆయన కూడ కేంబ్రిడ్జి చేరినారు. ఇక్బాలును మహాకవిగా, రెడ్డిగారిని కావ్య విమర్శకుడుగా ఎరిగినవారు ఈ రెండు అర్థశాస్త్ర గ్రంథాలను మరచిపోవటం శోచనీయం. కవులైనవారు ధరలను గురించి వ్రాయటం తమకు చిన్నతనమని భావింపలేదు.

తరువాత విద్యావిధానాల పరిశీలనకై రెడ్డిగారు అమెరికా మొదలైన దేశాలు చూచివచ్చినారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలసినప్పుడు ఆ అనుభవం అక్కరకు వచ్చింది. మహారాజా కళాశాలకు ప్రిన్సిపాలై, 1918 తరువాత ఆ సంస్థానపు విద్యాశాఖకు అధిపతియైనారు. అంటరానివారుగా ఎంచబడిన కుటుంబాల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలలో ప్రవేశం కల్పించే విషయంలో ఆయన చూపిన పట్టుదల అప్పటి పెద్దలలో పలువురకు రుచింపలేదు. 1921లో ఆ ఉద్యోగాన్ని విడిచి మద్రాసు రాష్ట్ర రాజకీయాలలో ప్రవేశించినారు.

ఇక్కడ మాకొక సందేహం కలుగుతున్నది. ప్రిన్సిపాలు పదవితోనే ఆయన తరగతి గదికి క్రమంగా దూరమైనారు. అప్పటికి నలువది ఏండ్లు నిండలేదు. బోధనలో చేయి తిరిగిన వేళకు బోధకుని కార్యాలయంలో కూర్చోబెట్టటం మన విద్యాసంస్థల పాత అలవాటు. దానివలన సంస్థకు దక్షుడైన పాలకుడు లభింపవచ్చును, కాని ఆ యేడు తరగతిలో కూర్చొన్నవారికి కలిగిన నష్టాన్ని ఎవరు లెక్క వేస్తారు? అర్థశాస్త్రంలో ఆయన మరికొన్ని తెలుగు గ్రంథాలు వ్రాసి ఉంటే మన వాణిజ్య విద్యార్థులు నేడు పడే భాషా క్లేశం కొంత తగ్గేదని మా నమ్మకం. కళాశాల కమిటీవారు ఈ విషయం ఆలోచింపవలెనని ప్రార్థన. వాణిజ్యాధ్యాపకునికి అదనపు కార్యాలయ బాధ్యతలు ఒప్పగించటానికి బదులు, సంవత్సరంలో కొన్ని వారాలు ఒక ధాన్యం మిల్లు లెక్కల గదిలోనో, సహకార బ్యాంకులోనో కూర్చొని చూచివచ్చే వెసులుబాటు కల్పిస్తే ఎంత బాగుండును! 1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపనతో పరిశ్రమల పటంలో చేరిన తణుకులో ఇటువంటి పాఠానికి దూరప్రయాణం చేయనక్కరలేదు.

అయితే పాలకుడుగా రెడ్డిగారు ఉపాధ్యాయ ధర్మాన్ని విడువలేదని కూడ చెప్పవలెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో ఆరంభమైనప్పుడు ఆయనే తొలి ఉపాధ్యక్షుడు. శాసనోల్లంఘన ఉద్యమ కాలంలో ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆ పదవిని త్యజించినారు. అధ్యాపకుడు తన విద్యార్థుల ఎదుట ఇంతకన్న స్పష్టంగా ఏ పాఠం చెప్పగలడు? ఆయన స్థానంలో 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు వచ్చినారు. ఆయన కూడ ఒకప్పుడు మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యుడే. 1936లో రెడ్డిగారు తిరిగి ఎన్నికై, 1949 వరకు ఆ భారం వహించినారు. 1942లో విశాఖపట్టణంపై జపాను బాంబులు పడిన పిమ్మట విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించి, యుద్ధానంతరం మరల వాల్తేరుకు చేర్చినారు. జయపురాధీశుడు విక్రమదేవవర్మగారి వదాన్యత ఆ సంస్థకు పెట్టనికోట అయింది.

ఆజన్మ బ్రహ్మచారిగా జీవించిన రెడ్డిగారు 1951 ఫిబ్రవరి 24న పరమపదించినారు. ఆరేండ్లకు, 1957లో, వాల్తేరులో వ్యాపార నిర్వహణ శాస్త్రానికి పూర్తికాలపు ఎం.బి.ఎ. తరగతులు ప్రారంభమైనవి. దేశంలో ఇట్టి తొలి ప్రయత్నాలలో అదొకటి. ఆ పట్టా పొందినవారే దేశంలో అరుదుగా ఉన్న ఆ రోజులలో, అక్కడి అధ్యాపకులు కూడ రెడ్డిగారి తరంవారివలెనే తాము నేర్చుకొంటూ ఇతరులకు నేర్పవలసి వచ్చింది. ఏలూరులోని కళాశాల మాత్రం ఆయన జీవించి ఉండగానే, 1945లో స్థాపితమైనది. మన విద్యార్థులు తణుకులో బస్సెక్కి వెళ్లి, అక్కడ దిగి ఎవరినడిగినా ఆ దారి చూపుతారు.