లాంగ్ పాస్ ఎప్పుడు కొట్టాలి? అనంత గ్రౌండ్లలో ఆడే పిల్లలు తెలుసుకోవాల్సిన రహీం సాబ్ కథ

అనంతపురం అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది కరువు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన, ఎర్ర నేల, వేరుశనగ చేలు, ఎండిన చెరువులు. అలాంటి జిల్లాలో ఇప్పుడు ఫుట్‌బాల్ పేరు కూడా వినిపిస్తోంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ తర్వాతి కాలంలో స్పోర్ట్స్ విలేజ్ కట్టింది. పల్లెల నుంచి వచ్చిన అబ్బాయిలు, అమ్మాయిలు అక్కడ బంతాట నేర్చుకుంటున్నారు.

సీమ నేల మీద ఫుట్‌బాల్ ఆడిన ఎవరినైనా అడిగి చూడండి. గట్టి నేల మీద దూరం నుంచి కొట్టిన బంతి ఒక పట్టాన ఆగదు. ఎగిరి పడుతుంది, మళ్లీ ఎగురుతుంది, చూస్తుండగానే లైన్ దాటిపోతుంది. లాంగ్ పాస్ అంటే కాలి బలం ఉంటే చాలనుకునే పిల్లలకు ఆ నేలే మొదటి పాఠం చెబుతుంది.

ఇదే పాఠాన్ని 70 ఏళ్ల కిందట దేశానికి నేర్పిన ఓ తెలుగునేల కోచ్ ఉన్నారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ జనం పిలుచుకునే పేరు రహీం సాబ్. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత్ రెండుసార్లు ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది, ఒకసారి ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడింది. ఆయన పోయాక ఇన్నేళ్లలో ఆ రెండూ మళ్లీ జరగలేదు. ఇంతకీ ఆయన ఏం నేర్పారు? చూద్దాం.

స్కూల్ టీచర్ నుంచి కోచ్‌గా

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం. అనంతపురంతో సహా సీమ జిల్లాలను నిజాం 1800లోనే బ్రిటిష్ వాళ్లకు ఇచ్చేశాడు కాబట్టి మనం మద్రాసు వైపు, ఆయన హైదరాబాద్ వైపు. రహీం ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, అక్కడే ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత స్కూల్ టీచర్ అయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల పిల్లలకు పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు.

ఆయన కోచింగ్‌లో కనిపించేది ఆ టీచర్ బుద్ధే. పెద్ద విషయాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి నేర్పడం ఆయన పద్ధతి. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యాక ఆ పద్ధతిని ఊరంతటికీ పాకించారు.

ఆయనకు ముందే ఫ్రువాల్ అనే ఇంగ్లిష్ కోచ్ హైదరాబాద్‌లో ఒక దారి వేశాడు. బంతిని నేల మీదే ఉంచాలి, కాళ్ల దగ్గర పెట్టుకుని విన్యాసాలు చేయొద్దు, వెంటనే పక్కవాడికి ఇవ్వాలి. రహీం దాన్ని పట్టుకుని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే రూల్‌తో టోర్నమెంట్లు పెట్టారు. బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకో రకం పోటీలు పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలన్నమాట!

వినడానికి ఇదంతా పిల్లల ఆటలా ఉంటుంది. కానీ అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఒకే టచ్‌లో బంతి ఇవ్వాలంటే, బంతి రాకముందే తల ఎత్తి గ్రౌండ్ మొత్తం చూసి ఉండాలి. రెండు కాళ్లూ పనిచేస్తే ఏ వైపు ఖాళీ కనిపించినా అటు కొట్టొచ్చు. మంచి లాంగ్ పాస్‌కు కావాల్సినవి ఈ రెండే. కాలి బలం ఆ తర్వాతి మాట.

అసలు లాంగ్ పాస్ పని ఏంటి?

ఫుట్‌బాల్ గ్రౌండ్ పొడవు సుమారు 105 మీటర్లు. వెనక ఉన్న డిఫెండర్ బంతిని ఒక్క దెబ్బతో 40, 50 మీటర్ల ముందుకు పంపితే ప్రత్యర్థి మిడ్‌ఫీల్డ్ మొత్తం ఆటలో లేనట్టే. మనిషి ఎంత ఉరికినా బంతి వేగాన్ని అందుకోలేడు. అందుకే ప్రతి టీమ్‌కూ లాంగ్ పాస్ మీద అంత ఆశ.

మరి అందరూ పొద్దస్తమానం అదే ఎందుకు కొట్టరు? మూడు కారణాలున్నాయి. ఒకటి, గాల్లో ఉన్నంతసేపు ఆ బంతి ఎవరిదీ కాదు. పొడవైన డిఫెండర్లు ఉంటే తలతో తేలిగ్గా వెనక్కి కొట్టేస్తారు. రెండు, ఆఫ్‌సైడ్ రూల్. పాస్ కొట్టే క్షణంలో మన ఫార్వర్డ్ ప్రత్యర్థి ఆఖరి డిఫెండర్‌ను దాటి ముందుకెళ్లి ఉంటే విజిల్ పడుతుంది. కొట్టేవాడు, ఉరికేవాడు ఒకే లెక్కలో ఉండాలి. మూడు, అవతలి డిఫెండర్లు వెనకే కూర్చుంటే బంతి పడటానికి ఖాళీ స్థలమే ఉండదు.

ఆ ఖాళీని మనమే తయారు చేసుకోవాలి. దానికి పనికొచ్చేది షార్ట్ పాస్. దగ్గర దగ్గరగా నాలుగు పాస్‌లు ఆడితే అవతలివాళ్లు బంతి కోసం ముందుకొస్తారు. వాళ్లు కదిలిన చోట వెనక జాగా పడుతుంది. అప్పుడు కొట్టాలి లాంగ్ పాస్. చేపలు పట్టేవాళ్లకు ఇది తెలిసిన విద్యే. ముందు ఎర, తర్వాత గాలం.

రహీం టీమ్‌ల ఆటకు పునాది ఈ ఓపికే. అప్పట్లో మన దేశంలో బంతి దొరికితే ముందుకు బాదేసి వెంట ఉరకడం మామూలు. ఒంటి బలం ఉన్న జట్లకు అది చెల్లుతుంది. యూరప్ ఆటగాళ్లంత ఎత్తు, బరువు లేని మనవాళ్లు గాల్లో బంతి కోసం ఢీకొంటే నష్టం మనకే. అందుకే బంతి నేల మీద వేగంగా తిరగాలి, అవతలివాళ్లు ఉరికి ఉరికి అలసిపోవాలి అన్నది ఆయన లెక్క.

పోలీస్ టీమ్ దుమ్ము రేపింది

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆయన చేతికొచ్చింది. ఆ తర్వాత జరిగింది చరిత్రే. బొంబాయిలో ఆడే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చారు. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్‌ను ఓడించారు. ఫుట్‌బాల్ అంటే బెంగాలే అనుకునే రోజుల్లో దక్కన్ నుంచి వచ్చిన పోలీసులు అలా గెలవడం దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది.

ఆ ఊపులోనే ఆయన జాతీయ టీమ్ కోచ్ అయ్యారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 1-0తో ఇరాన్‌పై గెలిచింది. గోల్ కొట్టింది మేవాలాల్.

హెల్సింకీలో చావుదెబ్బ

మరుసటి ఏడాదికే సీన్ రివర్స్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. చలిదేశంలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. విమర్శలు మామూలుగా రాలేదు. ఇంకొకరైతే అక్కడితో చాప చుట్టేసేవారు.

రహీం మాత్రం ఆ ఓటమిని పాఠంలా చదివారు. బూట్లు వేసుకుని ఆడటం మన ఫుట్‌బాల్‌లో తప్పనిసరి అయ్యింది కూడా ఆ దెబ్బ తర్వాతే. అదే సమయంలో యూరప్‌లో హంగరీ టీమ్ ఆట తీరునే మార్చేస్తోంది. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ గోల్ దగ్గర నిలబడకుండా వెనక్కి వచ్చి బంతి అందుకునేవాడు. అతన్ని పట్టుకోవాలని డిఫెండర్ వెంట వస్తే వెనక ఖాళీ. రాకపోతే అతనికి తీరిగ్గా పాస్ కొట్టే టైమ్. 1953లో ఇదే ఎత్తుతో హంగరీ వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. వెనక్కి జరిగే ఫార్వర్డ్ అనే ఆలోచనను రహీం మన టీమ్‌లోకి తెచ్చారు.

రాష్ట్రం పుట్టిన నెలకే మెల్‌బోర్న్ మెరుపు

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అప్పటిదాకా వేర్వేరు పాలనల్లో ఉన్న అనంతపురం, హైదరాబాద్ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో భారత్ 4-2తో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడు కొట్టిన తొలి హ్యాట్రిక్ అది. కొత్త రాష్ట్ర రాజధాని నుంచి వెళ్లిన టీచర్ ఆ టీమ్ కోచ్.

సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది. ఈసారి ముందు గోల్ కొట్టింది మనవాళ్లే. చివరికి 4-1తో ఓడినా, 10-1 నుంచి ఇక్కడిదాకా రావడానికి పట్టింది నాలుగేళ్లే. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో 3-0తో బల్గేరియా గెలవడంతో నాలుగో స్థానం దక్కింది.

సైకిల్ అద్దె ఇచ్చి మరీ ఆడించారు

ఈ కథలో అనంత పిల్లలకు దగ్గరగా అనిపించే మనిషి తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన కుర్రాడు. ప్రాక్టీస్‌కు రావడానికి చేతిలో డబ్బుల్లేకపోతే అద్దె సైకిల్‌కు రహీం సాబే డబ్బులిచ్చేవారని ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. అప్పటి హంగరీతో మ్యాచ్ అంటే మాటలు కాదు. మనం ఓడింది 2-1తోనే.

ఆ రోజుల్లో ప్రపంచమంతా 4-2-4 ఫార్మేషన్ గురించే మాట్లాడుకుంటోంది. 1958లో బ్రెజిల్ వరల్డ్ కప్ గెలిచింది దాంతోనే. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. ఇందులో లాంగ్ పాస్ విలువ రెట్టింపు. మధ్యలో ఇద్దరే ఉంటారు కాబట్టి ప్రతిసారీ బంతిని వాళ్ల మీదుగా నెమ్మదిగా తీసుకెళ్లడం కుదరదు. వెనక నుంచి అంచుల్లో ఉన్న వింగర్లకు ఐమూలగా పాస్ వెళ్లాలి. కుడి అంచున పీకే బెనర్జీ లాంటి వేగం ఉన్నవాడు, ముందు వరుసలో చునీ గోస్వామి, బలరాం లాంటి తెలివైనవాళ్లు ఉంటే ఆ ఫార్మేషన్ పండుతుంది. రహీం చేతిలో వాళ్లు ముగ్గురూ ఉన్నారు.

లక్షమంది అరుస్తున్నా ఆగలేదు

1962 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేటప్పటికే రహీం ఒంట్లో బాగాలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ లోపల తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2 గెలుపు. ఫైనల్లో మళ్లీ కొరియానే.

బయట పరిస్థితి ఇంకా ఘోరం. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత అధికారి ఒకరు తప్పుబట్టడంతో ఇండోనేషియా జనం మన మీద మండిపడుతున్నారు. సెప్టెంబర్ 4న సెనయన్ స్టేడియంలో లక్షమంది దాకా మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు.

ఇంకో చిక్కు. డిఫెన్స్‌కు గోడలాంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఏం చేశారో తెలుసా? అతన్ని పక్కన పెట్టకుండా తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. ఎదుటి డిఫెన్స్ మధ్యలో అంత బలమైన మనిషి నిలబడితే వాళ్ల చూపంతా అతని మీదే ఉంటుంది, మిగతావాళ్లకు జాగా దొరుకుతుంది. ఎత్తు బదులు ఎత్తు. ఫైనల్లో మొదటి గోల్ పీకే బెనర్జీది, రెండోది ఆ జర్నైల్‌దే! 2-1తో బంగారం మనదైంది.

ఆ తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. వయసు 53. అప్పటి నుంచి ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు దక్కిన పతకం ఒక్కటే, 1970 బ్యాంకాక్ కాంస్యం. 2024లో అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ సినిమా వచ్చేదాకా ఈ పేరు తెలియని కుర్రాళ్లు సొంత ఊళ్లోనే చాలామంది.

ఇప్పుడు పిల్లలు పట్టుకోవాల్సింది ఏంటి?

ఫోన్లలో మనం చూసే ఫుట్‌బాల్ క్లిప్‌లలో లాంగ్ పాస్ పది సెకన్లే ఉంటుంది. కొట్టాడు, పడింది, గోల్. దానికి ముందు ఆడిన పది షార్ట్ పాస్‌లను ఎడిటర్ కోసేసి ఉంటాడు. అవి చూడకుండా ఆ ఒక్క దెబ్బను నేర్చుకోవాలంటే కుదరదు.

గ్రౌండ్‌లో చేయాల్సింది మాత్రం చాలా తేలిక. బంతి రాకముందే రెండు భుజాల మీదుగా వెనక్కి ఓసారి చూడటం. ఒకే టచ్‌లో ఇవ్వడం. వారానికి ఒక రోజైనా బలహీనమైన కాలితోనే ఆడటం. గట్టి నేల మీదైతే బంతి అడుగుభాగాన్ని కోసినట్టు కొట్టడం. అప్పుడు అది వెనక్కి తిరుగుతూ వెళ్లి, పడిన చోటే కాస్త నెమ్మదిస్తుంది.

వీటిలో దేనికీ పచ్చగడ్డి అక్కర్లేదు, ఖరీదైన బూట్లు అక్కర్లేదు. పక్కనున్న కుర్రాడికి సైకిల్ అద్దె ఇచ్చి మరీ గ్రౌండ్‌కు పిలిపించే పెద్దమనిషి ఒకరు కావాలి. హైదరాబాద్‌కు అలాంటి మనిషి దొరికాడు, దేశానికి రెండు బంగారు పతకాలు వచ్చాయి. సీమలో బంతి వెంట ఉరుకుతున్న పిల్లలకు తక్కువైంది వాన ఒక్కటే, ఆట కాదు.