బడిపంతులు తయారు జేసిన టీమ్

క్రికెట్ స్కోరు నిద్రల లేపి అడిగినా చెప్పే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు చిన్న సవాల్. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌ల మన దేశం సెమీఫైనల్ దాక పోయింది, ఎరుకేనా? ఆసియా క్రీడల్ల రెండుసార్లు బంగారు పతకం గెలిచింది, ఎరుకేనా? ఈ మూడింటి ఎనకాల ఉన్నది ఒక్కడే మనిషి. మన హైదరాబాదోడు. సయ్యద్ అబ్దుల్ రహీం. కొలువు జూస్తే బడిపంతులు.

1909 ఆగస్టు 17న పుట్టిండు. ఉస్మానియాల సదివిండు, ఆ యూనివర్సిటీ టీమ్‌లనే ఆడిండు. తర్వాత పట్నం బడులల్ల పిల్లలకు సదువు జెప్పిండు. 1943ల హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయిండు. 1950ల సిటీ పోలీస్ టీమ్‌కు కోచ్ అయిండు.

అప్పట్ల ఫుట్‌బాల్ అంటె కలకత్తానే. పెద్ద క్లబ్బులు, పెద్ద పేర్లు అన్నీ ఆడనే. అసొంటి కాలంల మన పోలీసోళ్లు 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చిండ్రు. 1950లనే మోహన్ బగాన్‌ను ఓడగొట్టి డ్యూరాండ్ కప్పు గుంజుకొచ్చిండ్రు.

ఇదంతా పైసలతోని కాలే, పాఠంతోని అయింది. బంతిని కాలికాడ దాసుకొని ఒక్కడే ఉరుకుడు కాదు, దొరకంగనే పక్కోనికి ఇయ్యాలె అనేది సారు పద్ధతి. అసలు డ్రిబ్లింగే చెయ్యొద్దని, ఎడమ కాలు రానోడు ఎడమ కాలుతోనే ఆడాలెనని షరతులు పెట్టి పోటీలు నడిపిండని చెప్తరు. గీ ఆటకు పాణం మిడ్‌ఫీల్డ్. అప్పట్ల హాఫ్‌లు అనేటోళ్లు. ఎనకకు ఉరికి గోల్ కాపాడాలె, ముందుకు ఉరికి బంతి అందియ్యాలె. మన నూర్ మహమ్మద్ గసొంటి హాఫే. 1952, 1956 ఒలింపిక్స్‌కు పోయిండు.

1951ల ఢిల్లీల మొదటి ఆసియా క్రీడలు జరిగినయి. సారు కోచ్‌గ మన టీమ్ ఫైనల్ల ఇరాన్‌ను 1-0తో ఓడగొట్టింది. ఏడాది తిరగంగనే హెల్సింకిల దెబ్బ తగిలింది. యుగోస్లావియా చేతుల 10-1. మనోళ్లల్ల శానమంది బూట్లు లేకుంట, ఉత్త కాళ్లతోనే ఆడిండ్రు. ఆ తర్వాతనే దేశంల బూట్లు ఏసుకునుడు తప్పనిసరి జేసిండ్రు. నాలుగేండ్లకు, 1956ల మెల్బోర్న్‌ల ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదనే 4-2తో కొట్టి సెమీఫైనల్‌కు పోయినం. ఆసియాల ఏ దేశం గూడ అంతకుముందు ఆడిదాక పోలే. పతకం రాలే, నాలుగో జాగ దొరికింది.

ఆ టీమ్‌ల అమ్ముగూడ పోరడు ఒకడున్నడు. తులసీదాస్ బలరాం. గరీబు ఇల్లు. ఆట నేర్సుకునేటానికి రోజూ అంత దూరం వచ్చెతందుకు పైసలు లేకుంటె, కిరాయి సైకిల్‌కు సారే పైసలిచ్చిండని చెప్తరు. ఆ సైకిల్ కిరాయి ఉత్తగ పోలే. బలరాం రెండు ఒలింపిక్స్ ఆడిండు, జకార్తాల బంగారు పతకం గెలిచిండు.

1962ల ఆ జకార్తా ముచ్చట ఇంకో తీరు. మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతుల ఓడినం. థాయ్‌లాండ్ మీద మ్యాచ్‌ల జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డయి. అయినా సారు ఆయనను పక్కన కూసోవెట్టలే. డిఫెండర్‌ను తీస్కపోయి ముందట ఫార్వర్డ్‌గ నిలవెట్టిండు. సెమీఫైనల్ల గోల్ కొట్టిండు, ఫైనల్ల గూడ కొట్టిండు. సెప్టెంబర్ 4న స్టేడియం నిండ జనం మనోళ్లకు ఎదురు అరుస్తుంటె, అదే కొరియాను 2-1తో ఓడగొట్టినం. చునీ గోస్వామి కెప్టెన్. మన హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ గూడ ఆ టీమ్‌లనే ఉండె.

ఇగ అటెన్క సారు ఎక్కువ దినాలు బతకలే. క్యాన్సర్‌తోని 1963 జూన్ 11న పోయిండు. యాభై నాలుగేండ్లు గూడ నిండలే. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు పెట్టిందే 1985ల, అంటె ఆయన పోయిన ఇరవై రెండేండ్లకు. 2024ల హిందీల 'మైదాన్' సినిమా వచ్చినంక గని శానమందికి ఆయన పేరు తెల్వలే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌ల జకార్తా తర్వాత మనకు మళ్ల బంగారం రాలే.

జహీరాబాద్ దిక్కు చెరుకు కొట్టిన చేన్లల్ల, ఊరవతల ఖాళీ ప్లాట్లల్ల ఆడే పోరగాండ్లకు ఏం తక్కువున్నది? కాళ్లల్ల బలం లేదా, ఉరుకుడు రాదా? తక్కువున్నది నేర్పే సారు, ఆడే జాగ. శాన బడులల్ల ఆటల పీరియడ్ టైమ్‌టేబుల్ మీదనే ఉంటది, ఆ గంట లెక్కల సారు తీస్కుంటడు. మైదానం ఉంటె దాని మీద ఎవడో ఒకడు కన్నేస్తడు. రహీం సారు పుట్టువడితోని గొప్ప మనిషని దండేసి ఊకుంటె లాభం లేదు. ఆయన జేసింది పంతులు పని. ఊరూరికి ఒక పీఈటీని, ఒక మైదానాన్ని అడుగుదాం. బడి కమిటీ మీటింగ్ పెట్టినప్పుడు మీ అమ్మానాయినలతోని గీ మాట అడిగిపియ్యుండ్రి. ఇంకో బలరాం ఏ తండాలున్నడో, ఏ వాడలున్నడో ఎవరికెరుక? దొరకవట్టాలంటె ముందుగాల సైకిల్ కిరాయి ఇచ్చే సారు ఒకడుండాలె గద.